దర్వాజ ఎవరు చూస్తరు?

సైదాబాద్‌లో మా న్యూరోఫీడ్‌బ్యాక్ క్లినిక్‌కు ఒక రిటైరైన హవల్దారు వచ్చేవాడు. సరిహద్దు కాపలాలో ఒకసారి కునుకు పట్టి, తోటి సిపాయిని పోగొట్టుకున్నాడట. మెదడు తరంగాలను పట్టే వైర్లు తలకు అంటించి కూర్చోబెడితే, మనసు కుదుటపడినప్పుడు తెర మీది పడవ కదలాలి. ఆయనేమో కుర్చీని తలుపు వైపు తిప్పుకునేవాడు.

"అన్నా, జర తెర దిక్కు చూడు," అనేదాన్ని.

"దర్వాజ ఎవరు చూస్తరు మరి?"

ఒకరోజు నేనే తలుపుకు ఎదురుగా స్టూలు వేసుకున్నాను. "నేను చూస్త. గియ్యాల డ్యూటీ నాది."

ఆయన కుర్చీని తెర వైపు తిప్పుకున్నాడు. చాలాసేపటికి వెనక నుంచి ఆయన గొంతు: "చెల్లె, పడవ నడుస్తున్నది."

వైర్లు తీస్తుంటే మాత్రం ఆయన ముఖం మళ్ళీ వాడిపోయింది. "మరి ఇంటికాడ ఎవరు చూస్తరు?"

ఆ రోజు తర్వాత ఆయన మళ్ళీ రాలేదు. ఇప్పటికీ క్లినిక్‌లో నేను తలుపుకు ఎదురుగానే కూర్చుంటున్నాను.