మా ఐదో మనిషి

నాలుగేళ్లుగా ఒక మాట మోస్తున్నాను. మా ఇంట్లో తెలియదు, నాతో పనిచేసేవాళ్లకు తెలియదు, తెలియాల్సిన ఇద్దరికి అసలే తెలియదు. నువ్వెవరో నాకు తెలియదు కాబట్టి నీకు చెబుతున్నాను. పేరు అడగకు. మిగతాది దాచను.

తమిళనాడు సరిహద్దు ఊరు హోసూరులో ఒక ఫ్యాక్టరీ స్టోర్స్‌లో పని నాది. నట్లు, బేరింగులు, చేతి గ్లవుజులు ఇచ్చి సంతకం పెట్టించుకోవాలి. ఉండేది బేరిగైలో. పొద్దున బస్సు, సాయంత్రం బస్సు. ముప్పై అయిదేళ్ల ఆడమనిషి ఫోనులో కత్తి పట్టుకుని గుహల్లో తిరుగుతుందంటే నవ్వు వస్తుందేమో, నవ్వు. ఆ ఆటలో మాది ఐదుగురి గుంపు, నేను దానికి పెద్దని. ఇంట్లో చారులో ఉప్పెంత వేయాలో కూడా అత్తగారిని అడిగే దాన్ని, అక్కడ నేను కదలమంటేనే నలుగురు మగవాళ్లు కదిలేవారు. ఆ రుచి మరిగాను. నేను చెప్పబోయే తప్పుకు మూలం అక్కడే ఉందని నా అనుమానం.

మొదట్లో అది చాలా కష్టమైన ఆట. గనిలోకి ఒంటరిగా వెళ్తే చావే. ఐదుగురూ ఉండాలి, అందులో ఒకరు గాయాలు మాన్పేవాళ్లయి ఉండాలి. ఒక్కరు తగ్గినా మిగతా నలుగురూ గని వాకిట్లో కాచుకుని కూర్చోవాలి. అరగంట, ఒక్కోసారి గంట. ఏం చేస్తాం? మాట్లాడుకున్నాం. మత్తూరులో ఎరువుల అంగడి పెట్టుకున్న ఒకాయన ఉండేవాడు, అందరం అన్నా అనేవాళ్లం. ఆయన రోజూ అందర్నీ ఒకటే అడిగేవాడు, ఈ పూట ఏం సారు అని, అంటే రాగిముద్దలోకి ఏం పులుసు అని. దాంతోనే అన్నీ తెలిసిపోయేవి. ఎవరు షిఫ్టు మారారు, ఎవరి భార్య పుట్టింట్లో ఉంది, ఎవరు వండుకోలేక బన్ను తిని పడుకుంటున్నారు. ఒకసారి గుంపులో మునిరాజు అనే అబ్బాయి రాకపోతే అన్న నాకు ఫోను చేశాడు, నేను అతని గదికి మనిషిని పంపాను. కడుపునొప్పితో ముడుచుకుని పడి ఉన్నాడట. ఆసుపత్రికి తీసుకెళ్లారు. అదేదో మా మంచితనమని అప్పుడు మేం అనుకోలేదు. అతను లేనిదే ఆట సాగదు, అందుకని వెతికాం. ఇప్పుడు ఆలోచిస్తే, మనుషులు ఒకరినొకరు వెతకడానికి అంతకంటే గొప్ప కారణం అక్కర్లేదేమో అనిపిస్తుంది.

మునిరాజే మా గుంపులో గాయాలు మాన్పేవాడు. అడవి అంచున ఉన్న జవళగిరి అతనిది. అక్క రత్నమ్మ, బావ అక్కడే సేద్యం చేసుకుంటారు. ఇతను హోసూరులో ఒంటి గది అద్దెకు తీసుకుని లేతు మిషన్ మీద ఇనుము తరిగే పని చేసేవాడు. చప్పుడు వినగానే టూలు అరిగిందని చెప్పేస్తాడని పేరు. నాకంటే ఎనిమిదేళ్లు చిన్న. అక్కా అనేవాడు. గదిలో పాత కంప్యూటర్ ఒకటి ఉండేది, ఒక్కోసారి దాంట్లోనే ఆడేవాడు. ఆ గది మా ఫ్యాక్టరీ గేటు నుంచి పావుగంట నడక. ఈ సంగతి గుర్తుంచుకో.

తరువాత ఆట తయారుచేసినవాళ్లు దాన్ని సులువు చేశారు. ఆటో అని ఒక బటన్ పెట్టారు. నొక్కితే మన బొమ్మ దానంతట అదే నడుస్తుంది, కొడుతుంది, గాయాలు మాన్పుతుంది. అందరికంటే ఎక్కువ సంతోషించింది నేను. ఫోనును ఊరగాయ జాడీకి ఆనించి, పొయ్యి దగ్గర నా పని నేను చూసుకునేదాన్ని. కాచుకోవడం పోయింది. దాంతోపాటు మాటలూ పోయాయి. అన్న మాత్రం మానలేదు. ఏం సారు అని అడుగుతూనే ఉండేవాడు. జవాబు రావడానికి ఇరవై నిమిషాలు పట్టేది, కొన్ని రోజులు వచ్చేదే కాదు. ఐదు బొమ్మలు గనిలో తిరుగుతుండేవి, వాటి వెనక ఎవరైనా ఉన్నారో లేదో తెలిసేది కాదు.

ఒక్క కష్టం మాత్రం మిగిలింది. ఏడు రోజుల పందెం. అవే ఐదు పేర్లు వరుసగా ఏడు రోజులూ కనిపించాలి, ఒక్కరు ఒక్కరోజు తప్పినా మళ్లీ మొదటి నుంచి. అందుకని ఒకరి పాస్‌వర్డ్ ఒకరి దగ్గర పెట్టుకున్నాం. మునిరాజు తనది నాకిచ్చాడు. ఓవర్‌టైం పడిన రోజు నువ్వే నడిపించక్కా అన్నాడు. తనంతట తానే ఇచ్చాడు. ఈ మాట నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో లెక్కలేదు.

పందెం నడుస్తున్న ఒక వారం, గురువారం అతను రాలేదు. ఫోను చేస్తే స్విచ్చాఫ్. ఓవర్‌టైం అనుకున్నాను. పాత ఫోనులో అతని పేరుతో లోపలికి వెళ్లి ఆటో నొక్కాను. రెండు ఫోనులూ పక్కపక్కనే. అతని బొమ్మ చేతులెత్తి నా బొమ్మ గాయాలు మాన్పుతోంది. ఇంతటితో ఆగి ఉంటే ఇది రాయాల్సిన పని ఉండేది కాదు.

అన్న అడిగాడు, మునిరాజా, ఏం సారు అని. నేను పాత ఫోను అందుకున్నాను. ముద్ద, అవరేకాయ సారు అన్నా, అని టైపు చేశాను. చేస్తూ నవ్వుకున్నాను కూడా.

ఎందుకు చేశాను? అతను లేడని చెబితే అన్న ఊరుకోడు. గదికి మనిషిని పంపమంటాడు, అందాకా ఆట ఆపమంటాడు. నేను ఆపదలుచుకోలేదు. అంతే. ఇంతకంటే మర్యాదైన కారణం కోసం నాలుగేళ్లు వెతికాను, దొరకలేదు.

అప్పటికే మునిరాజు ఒళ్లు కాలే జ్వరంతో చాప మీద పడి ఉన్నాడు. పనిచేసే చోట అడిగేవాళ్లు లేరు. కాంట్రాక్టు పని, మనిషి రాకపోతే ఆ మిషన్ దగ్గర ఇంకొకర్ని నిలబెడతారు. అడిగే అలవాటున్నది ఒక్క అన్నకే. ఆయన నోరు నేను మూశాను.

శుక్రవారం సాయంత్రం నేను చిక్కుడుకాయలు వలుస్తుంటే ఫోను మోగింది.

"ఏమ్మా, నేను మునిరాజు అక్కని, జవళగిరి నుంచి. నీ నంబరు వాడే ఇచ్చి పెట్టినాడు. వాడు యాడుండాడమ్మా? నిన్నటి నుంచి ఫోను స్విచ్చాఫ్ అంటా ఉంది."

పాత ఫోను వైపు చూశాను. బొమ్మ నడుస్తోంది.

"బాగుండాడక్కా. ఆటలో ఉండాడు. ఇప్పుడే చూసినాను."

"ఆటలోనా?"

"ఊ. కంప్యూటర్‌లో ఆడతా ఉండాడు. ఫోను చార్జింగ్ పెట్టేది మర్చిపోయినట్టుండాడు."



"ఈడ ఏనుగులు రాగి చేలో దిగినాయమ్మా. మా ఆయన కాలు బెణికి పడుకోనుండాడు. తోడుకు రారా అని నిన్నటి నుంచి పిలస్తా ఉండాను. వానికి ఆటే ఎక్కువైపోయిందా? పొద్దున్నే బస్సెక్కి వచ్చి చూద్దామనుకొంటిని. ఇంక రాను. అక్క ఇంక ఫోను చేయదని చెప్పమ్మా వానికి."

"చెప్తానక్కా" అన్నాను.

చిక్కుడుకాయలు వలవడం పూర్తిచేశాను.

ఇక్కడ ఒక సంగతి ఉంది. మనం ఒకరి పేరుతో లోపల ఉన్నప్పుడు అసలు మనిషి వస్తే, మనల్ని ఆట బయటికి నెట్టేస్తుంది. గురువారం ఎవరూ నెట్టలేదు. శుక్రవారం నెట్టలేదు. శనివారమూ నెట్టలేదు. ఒక మనిషి మూడు రోజులుగా తన చోటికి తాను రావడం లేదని నాకొక్కదానికే తెలుసు. తెలిసి ఏమనుకున్నాను? హమ్మయ్య, అడ్డం లేదు అనుకున్నాను. భయం ఒక్కసారైనా తగల్లేదా? తగిలింది. శనివారం మధ్యాహ్నం భోజనం వేళ ఆ గదివైపు వెళ్దామని గేటు దాకా వచ్చాను. ఎండగా ఉందని వెనక్కి తిరిగాను.

ఆదివారం ఇంటి ఓనరు తలుపు పగలగొట్టాడు. అన్న నాకు ఫోను చేసి ఏడుస్తూ చెబుతున్నప్పుడు మునిరాజు బొమ్మ నా ఎదురుగా చేతులెత్తి నా గాయాలు మాన్పుతూనే ఉంది. పేరు పక్కన పచ్చచుక్క వెలుగుతోంది. దాన్ని ఆర్పడానికి నా వేలు రాలేదు. ఫోనును బోర్లా పెట్టాను.

మెదడుకెక్కిన జ్వరం. హోసూరులో చూసి కృష్ణగిరికి పంపారు. బతికాడు. రెండు చెవులూ పోయాయి. రెండు రోజుల ముందు తెచ్చి ఉంటేనో అని డాక్టరు సగం చెప్పి ఆపేశాడట. చప్పుడు వినలేనివాడికి లేతు దగ్గరేం పని? జవళగిరికి వెళ్లిపోయాడు.

అది కూడా కాదు నన్ను తినేది. అన్న రత్నమ్మకు చెప్పాడు, గురువారం కూడా నాకు జవాబిచ్చినాడమ్మా, బాగానే ఉన్నాడు అని. ఆయన అబద్ధం ఆడలేదు. దాంతో ఇంట్లో అందరూ ఒక నిర్ణయానికొచ్చారు: తిండీ నిద్రా లేకుండా ఆడి ఆడి జ్వరం తలకెక్కించుకున్నాడు, చేను పోతున్నా అక్కకు పలకలేదు. మునిరాజూ అదే నమ్మాడు.

నిరుడు చూడ్డానికి వెళ్లాను. అతను మాట్లాడగలడు, వినలేడు. మనం నోటుపుస్తకంలో రాయాలి. అతని చదువు అరవం కాబట్టి అరవంలో.

"జ్వరంలో ఒళ్లు తెలీకుండా ఆడినట్టుండానక్కా" అన్నాడు. తన గొంతు తనకే వినపడక గట్టిగా అన్నాడు. "ఒక్క ముక్క జ్ఞాపకం లేదు. బాగా ఆడినానా?"

పెన్ను నా చేతిలో ఉంది. పేజీ ఖాళీగా ఉంది. బాగా ఆడినావు, అని రాశాను.

రత్నమ్మ కాఫీ తెచ్చింది. ఆ పేజీ చదివింది. నా గ్లాసు నా చేతికిచ్చింది. తమ్ముడి గ్లాసు నేల మీద ఠపీమని పెట్టి, అతని ముఖం చూడకుండా వెళ్లిపోయింది. ఆ చప్పుడు అతనికి వినపడలేదు. నాకు వినపడింది.

క్షమించమని నిన్ను అడగను. క్షమించడానికి నువ్వెవరు? జవళగిరి వెళ్లి చెబుతానని కూడా అనను. అన్నానంటే అదింకో అబద్ధం అవుతుందేమో. కానీ నాలుగేళ్లలో మొదటిసారి ఆ మాటలు వరుసలో పెట్టాను, ఉన్నవి ఉన్నట్టు. రాశాను, ఇప్పుడు కాస్త ఊపిరి ఆడుతోంది.

రత్నమ్మా, నువ్వు పిలిచినప్పుడు నీ తమ్ముడు పలకకుండా ఆడుకుంటూ లేడు. వాడు లేవలేక పడి ఉన్నాడు. వాణ్ణి ఇంక తిట్టొద్దు. ఆడింది నేను.