జ్ఞానప్రకాశం నల్లగోడ

కాశీబుగ్గలో జ్ఞానప్రకాశానిది పాత పెంకుటిల్లు. పక్కింటి గుమస్తా భానుమూర్తికీ అతనికీ నడుమ ఒకటే గోడ. 1999 తుపాను వెళ్ళాక ఆ గోడకి నడుం ఎత్తున చెమ్మ ఎక్కింది. ఫిబ్రవరి వచ్చినా దిగలేదు. భార్య సువర్ణమ్మ పెట్టెలో చీరలన్నీ ముక్క వాసన పట్టాయి.

జ్ఞానప్రకాశం జీడి ఫ్యాక్టరీలో తొక్కల నూనె డబ్బాల్లో నింపేవాడు. పడవలకి పూసే నూనె అది. "పడవలోకే నీరు రానివ్వదు, గోడొక లెక్కా?" అని రెండు డబ్బాలు తెచ్చి, చేతులకి గోనెగుడ్డలు చుట్టుకుని, గోడంతా నల్లగా పూసేశాడు.

ఆ నూనె తగిలితే ఒళ్ళు పొక్కుతుందని ఊళ్ళో అందరికీ తెలుసు. ఆరిపోతుందిలే అనుకున్నాడు. తడిగోడ మీద అది ఆరలేదు. ఇంట్లో ప్రార్థనకి వచ్చినవాళ్ళలో ఐదుగురు గోడకి చేరబడ్డారు. మరుసటి ఆదివారం చర్చిలో ఆ ఐదుగురూ వెనక్కి వాలకుండా నిటారుగా కూర్చున్నారు. పాస్టరు గారు వాళ్ళ భక్తిని మెచ్చుకున్నారు.

పది రోజులకి భానుమూర్తి వచ్చాడు. "ఏటి ప్రకాశం, నీ గోడ ఆరిందా?"

"మా వైపు సుక్క లేదు మూర్తిగారూ."

"ఉండదు. అదంతా మా వంటింట్లోకి వచ్చింది."

"అయితే మీ వైపూ పూసేద్దుం."

భానుమూర్తికి అది న్యాయంగానే తోచింది. పూశారు. అటూ ఇటూ దారి లేక చెమ్మ పైకెక్కింది. వానలు పడేసరికి రెండిళ్ళ వాసాల దగ్గరా పుట్టగొడుగులు మొలిచాయి. ఇద్దరూ తలలెత్తి చూస్తూ నిలబడ్డారు.

"పెంకులకీ పూద్దుమా?" అన్నాడు భానుమూర్తి.

వాసాల కింద గోడ బాగుచెయ్యడానికి తాపీపని బొడ్డమ్మని పిలిచారు. ఆమె పైకి చూడనే లేదు. పెరట్లోకి వెళ్ళింది. రెండు చూరుల నీళ్ళూ గోడ మొదట్లోనే పడుతున్నాయి. తుపాను తెచ్చిన మట్టి అక్కడ మోకాలెత్తున పేరుకుంది.

"గోడకి నీళ్ళు మీరే తాగిత్తన్నారు బాబూ. మట్టి తీసీసి కాలవ తవ్వండి. ఈ నల్లదంతా గీకీసి సున్నం పుయ్యండి. గోడకి గాలాడాల."

"ఇంత సిన్న పనా?" అని జ్ఞానప్రకాశం చిన్నబుచ్చుకున్నాడు.

"మీ పెద్ద పని సూసినాం. పార అందుకోండి," అంది సువర్ణమ్మ.

కాలవకి ఒక పూట పట్టింది. గీకడానికి నెల పట్టింది. మొహాలు వాచి ఇద్దరూ ఒకేలా కనిపించేవారు. క్రిస్మస్‌కి గోడ ఆరింది.

తరవాత ఎవరింట్లో చెమ్మన్నా జ్ఞానప్రకాశాన్ని పిలిచేవారు. అతను లోపలికి వెళ్ళకుండా, చూరు నీళ్ళు ఎక్కడ పడతాయో చూపించమనేవాడు. రావివలసలో ఒకాయన మాత్రం, "గోడ సూడకుండా ఏటి వైద్దెం?" అని కోప్పడి, టీ ఇచ్చి పంపేశాడు.