పట్టుచీర కట్టుకుని నావ అడిగిన రోజు

ముమ్మిడివరానికి దిగువన, గోదారి సముద్రంలో కలిసే చోట మా పేట. పెద్ద తుఫానుకి మా నావ రెండు చెక్కలైపోయింది. మా ఆయనకి నావ తప్ప వేరే బతుకు తెలీదు. అప్పుడు కబురొచ్చింది, పైదేశం దాతల మనుషులు వస్తున్నారనీ, బాగా దెబ్బతిన్న ఒక్క పేటకి కొత్త నావలిస్తారనీ.

ఇంట్లో బట్టలన్నీ బురద. ట్రంకు పెట్టె అడుగున నా పెళ్ళి పట్టుచీర ఒక్కటే తడవకుండా మిగిలింది. అదే కట్టుకున్నాను. అంత దూరం నించి వచ్చేవాళ్ళ ముందు బురదచీరతో నిలబడతామా? చెట్లన్నీ పడిపోయి బొండాలు గుట్టలుగా ఉన్నాయి. మా ఆయన నాలుగు కొట్టి ఉంచేరు.

జీపులోంచి తెల్లావిడ దిగేరు. కూడా వచ్చిన మనవాడు ఆవిడ మాట తెలుగులో చెప్పేడు.

"ఎలా ఉన్నారని అడుగుతున్నారమ్మా."

"ఆయ్, బావున్నామండి. ముందు బొండం తాగమనండి."

"ఏమైనా కావాలా అంటున్నారు."

మా ఆయన తల దించుకుని, "తమరి దయండి" అన్నారు.

మా తీరే అంత. కుశలమడిగితే బావున్నామంటాం. కష్టం సంగతి వచ్చినవాళ్ళు బొండం తాగి, కాస్త స్థిమితపడ్డాక చెప్పుకుంటాం. ఆవిడ తాగేరు, నా చీరంచు పట్టుకు చూసి నవ్వేరు, ఏదో రాసుకున్నారు. విరిగిన నావ చూపిద్దామని మా ఆయన అటు నడిచేలోపే జీపు కదిలిపోయింది.

నావలు అవతలి పేటకెళ్ళేయి. చిరుగుబట్టల్తో గట్టు మీద కూర్చోండని వాళ్ళకి ఎవరో పెద్దమనిషి ముందే చెప్పి ఉంచేడట. మా తోటికోడలు రేవులో అందరూ వింటుండగా అంది:

"నీ చీర చూసి నావేం సరిపోతుందిలే, పల్లకీ పంపిద్దామనుకునుంటారక్కా!"

నేనూ నవ్వేను. ఏం చెయ్యను?

మా ఆయన రొయ్యల చెరువు కాపలాకి కుదిరేరు. అంతకుముందు సాయంకాలం నావ రేవు తాకగానే "ఏమే, తట్ట తే!" అని ఒక్క కేక వేసేవారు. ఆ కేక వింటే ఎసరు పెట్టేదాన్ని. అది లేకపోయేక నాకు పొద్దు వాలిన సంగతే తెలిసేది కాదు. తారు పూసిన చెక్క వాసన కోసం ఊరికే రేవుకెళ్ళి ఎవరి నావ దగ్గరో నిలబడేదాన్ని.

కొన్నేళ్ళకి సునామీ వచ్చి సముద్రం పొంగింది. మా పేటకి అంత నష్టం లేదు. కానీ టీవీలో లోకమంతా చూసినట్టుంది, దాతలు ఒకరి మీద ఒకరు పోటీపడి ఫైబరు పడవలు దింపేరు. ఈసారి ఎలా ఉన్నారని ఎవరూ అడగలేదు. మాకూ ఒకటిచ్చి, పక్కన నిలబెట్టి ఫోటోలు తీసుకున్నారు. పడవ మీద దాత పేరు ఇంతింత అక్షరాల్లో.

అప్పటికి మా ఆయనకి చెరువు నీళ్ళలో నాని నాని మోకాళ్ళు పట్టేసేయి. పడవెక్కి, అంచు తడుముతూ కాసేపు కూర్చుని, నా భుజం పట్టుకుని దిగేరు.

"బావుందా?" అన్నాను.

"ఆయ్, బావుంది."

అది మా మరిది కొడుక్కి ఇచ్చేసేం. మా ఆయన ఇంట్లోనే, మంచం మీదే ఉంటారు. అయినా పొద్దు వాలితే నా చెవి రేవు వైపే పోతుంది.