గంజి కలిపిన బ్యాటరీ

చొక్కా గుండీ అంత బ్యాటరీ అది. ఇన్నేళ్లుగా దాని బరువు మోస్తున్నాను. ఇది చదివే మీకు తప్ప ఎవరికి చెప్పుకోను?

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే అందరి చేతుల్లోకీ వస్తున్న రోజులు. తాడేపల్లిగూడెంలో ఒకే ల్యాబులో పనిచేసేవాళ్లం, నేనూ, ఏలూరు నుంచి రైల్లో వచ్చే సుజాత గారూ. రైసుమిల్లు ఊక బూడిదలోంచి సిలికాన్ తీసి, కంటికి ఆనని నానో పొడి చేసి, పెదవేగి పామాయిల్ మిల్లు గింజల చిప్పల బొగ్గుతో కలిపి బ్యాటరీ లోపలి రేకుకు పూయడం మా పని. ఛార్జింగ్ ఎక్కితే సిలికాన్ ఉబ్బుతుంది, దిగితే ముడుచుకుంటుంది. కొన్నాళ్లకే పూత బీటలు వారి రాలిపోయేది. పూత నిలవడానికి నేను ఖరీదైన జిగురు వాడాను. ఆమె గంజి కలిపారు. వాళ్లమ్మగారు ఆదివారం చర్చికి కట్టుకునే నేతచీరకు పెట్టే గంజే. గంజి చీరకే బాగుంటుందని నేను నవ్వాను కూడా. ఎవరిది ఎక్కువకాలం నిలుస్తుందో చూడ్డానికి రెండు బ్యాటరీలనూ పరీక్షకు పెట్టాం.

తర్వాత ఆమెకు జ్వరమొచ్చి వారం రాలేదు. మబ్బు పట్టిన మధ్యాహ్నం. కిటికీ బయట ఊకబూడిద సన్నగా తేలుతోంది, కొంగలు కొల్లేటి వైపు పోతున్నాయి, కంప్యూటర్ తెర మీద ఆమె బ్యాటరీ ఛార్జి చూపే గీత దిగడం మరిచిపోయినట్టు అలా సాగుతూనే ఉంది. నాది ఎప్పుడో పడిపోయింది. ఇద్దరిలో ఎవరి బ్యాటరీ నిలిస్తే వాళ్లొక్కరికే పీహెచ్‌డీ సీటని మా గైడు సార్ ముందే చెప్పారు. రెండు బ్యాటరీల మీది పేర్ల చీటీలు ఊడదీసి, అటుది ఇటు అంటించాను. ఆ చెయ్యి నాదేనా? నాదే.

ఆమె వచ్చారు.

"నాది పోయిందాండీ?"

"పోయిందండీ."

"పోనీలెండి. గంజి చీరకే బాగుంటుందని మీరు ముందే అన్నారు కదా."

గంజి గిన్నె కడిగి, బోర్లించి, రైలు టైమయిందని వెళ్లిపోయారు. సీటు నాకొచ్చింది. ఆ తర్వాత నేనూ దొంగచాటుగా గంజే కాచాను. థీసిస్‌లో దానికి పెద్ద ఇంగ్లీషు పేరు పెట్టాను. ఎవరు మెచ్చుకున్నా తేలు కుట్టిన దొంగలా కూర్చునేవాణ్ణి.

సుజాత గారు ఏలూరులో బడిపిల్లలకు సైన్సు చెబుతున్నారు. ఒకసారి స్టేషన్లో కనబడ్డారు, గంజి పెట్టిన చీరలో. చెబుదామనుకునేలోగా రైలొచ్చేసింది. ఇదిగో, మళ్లీ అబద్ధం. రైలు రాలేదు. నాకే నోరు రాలేదు.

క్షమించమని అడిగే మొహం నాకు లేదు. ఇంతవరకూ రాసేసరికి ఊపిరి కాస్త ఆడుతోంది, అంతే. గంజి ఓడిపోయిందనే ఆమె ఇప్పటికీ అనుకుంటున్నారు. లేదండీ సుజాత గారూ. మీ గంజి నిలబడింది. రాలిపోయింది నాది.