రెండు వెర్షన్లూ, పేరు లేని ఒక గుర్తూ

పడవ ఎక్కకుండానే, ఒక్క మీట నొక్కి, సముద్రంలో ఒక మనిషిని రెండోసారి ముంచిన ఘనుణ్ణి నేను. నవ్వదలచినవారు నవ్వవచ్చు, అడ్డుపడను.

పోర్ట్ బ్లెయిర్ హార్బరు ఆఫీసు నుంచి అప్పుడే రిటైరయ్యాను. సరిదిద్దడానికి ఫైళ్లు లేక చేతులు దురద పెడుతున్న రోజులు. మా చెల్లెలి భర్త అప్పన్న వేటకు వెళ్లే చోట్లన్నీ నా లినక్స్ కంప్యూటర్‌లో, సముద్రపు మ్యాపుల ప్రోగ్రాంలో గుర్తులుగా ఉండేవి. అతని జీపీఎస్ పరికరం ఉప్పునీటికి చచ్చిపోయాక అవే దిక్కు. ప్రతి గుర్తునూ పేరుతో సహా నా రిజిస్టరులో ఎక్కించాను, ఒక్కటి తప్ప.

"దీనికేం పేరు పెట్టమంటావు బావా?"

"పేరొద్దు బావా. ఒగ్గేయ్."

అతని తమ్ముడి పడవ మునిగిన చోటు అది. మనిషి దొరకలేదు. అప్పన్న ఏటా అక్కడికి వెళ్లి పూలు వదిలి వచ్చేవాడు. పేరు లేనిదానికి నా రిజిస్టరులో వరుస ఉండదు, నియమం నియమమే.

ఆ ప్రోగ్రాంకు రెండు వెర్షన్లుండేవి. కంప్యూటర్లు బాగుచేసే సలోమి ముందే హెచ్చరించింది. "రెండూ ఉండనీండి అంకుల్. పాత గుర్తులు పాతదాంట్లోనే సరిగ్గా తెరుచుకుంటాయి. అది మారిపోకుండా హోల్డ్ పెట్టా. దాన్ని అస్సలు ముట్టుకోవద్దు, ప్లీజ్."

ఒకే సీటుకు ఇద్దరు గుమస్తాలా! నన్ను దండవేసి పంపించేసిన లోకంలో ఈ ముసలి వెర్షన్‌కు మాత్రం పొడిగింపా! హోల్డ్ తీసి, పాతదాన్ని తొలగించి, కొత్తది తెరిచాను. పాత గుర్తులను కొత్త పద్ధతిలోకి మార్చమంటారా అని అది మర్యాదగా అడిగింది. మర్యాదకు లొంగని రిటైరైన ఉద్యోగిని మీరెక్కడైనా చూశారా? సరేనన్నాను. పేర్లున్నవన్నీ వచ్చాయి. కింద ఒక వాక్యం: పేరు లేని గుర్తు ఒకటి తొలగించబడినది. చెప్పడానికి సిగ్గుగా ఉంది, అది చూసి ముచ్చటపడ్డాను. ఆ గుర్తు ఎవరిదో తర్వాత గుర్తొచ్చింది.

పరుగున సలోమిని పిలిపించాను. "పాత వెర్షన్ మళ్లీ ఎక్కించమ్మా!"

"ఎక్కించా అంకుల్. కానీ మీ ఫైలే మారిపోయింది. పాతదానికి ఇప్పుడిది చదవడం రాదు. కాపీ తీశారా?"

"నాకు రిజిస్టరు ఉందిగా!"

"అందులో ఉందా మరి?"

నేను పేజీలు తిప్పుతున్నట్టు నటించాను.

అప్పన్నకు అంతా చెప్పాను. "ఏటి బావా," అన్నాడు, "నాను ఒగ్గేయమన్నది పేరుని. గుర్తుని కాదు కదా."

ఆ ఏడు నేనూ పడవెక్కాను. ఒడ్డు కనుమరుగయ్యాక ఒకచోట ఇంజను ఆపాడు.

"ఇక్కడేనా బావా?"

"ఏమో. నీ కొత్త వెర్షన్‌కి మా తమ్ముడు కనబడనేదు. ఆడికి మనం కనబడితే సాలు. ఏసేయ్ పూలు."

వేశాను. అవి తలో దిక్కుకూ కొట్టుకుపోయాయి. జీవితంలో మొదటిసారి, దేన్నైనా వరుసలో పెట్టాలని నాకు అనిపించలేదు.

కావున ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేయుచున్నాను: ఇకమీదట నా కంప్యూటర్‌లో ఎంత ముసలి వెర్షన్ కూర్చున్నా దాని కుర్చీ లాగను. నా రిజిస్టరులో ఒక వరుస ఖాళీగా వదిలాను. అది పొరపాటని ఎవరైనా ఎత్తిచూపితే, వారిని క్షమించను.