వినగడప హాల్లో స్పీకర్ల పంచాయితీ

"వీడికి చెప్పిందేదీ చెవికెక్కదు" అనేవారు బడిలో మా మాస్టారు. ఏడో తరగతితోనే ఆయనకు నా పీడ వదిలించాను. ఇప్పుడు తిరువూరులో ఆ చెవులనే నమ్ముకుని స్పీకర్లు అమ్ముతున్నాను.

పోయిన వేసవి మొదట్లో వినగడప నుంచి రంగారావుగారు రమ్మని ఫోన్ చేశారు. అంతకుముందు చలికాలంలో ఆ రైతు ఇంటి హాల్లో రెండు స్పీకర్లు పెట్టాను. అప్పుడు విని మురిసిపోయారు. తర్వాత వైర్లు వదులైతే ఆయనే షాపుకు తెచ్చి, బాగుచేయించుకుని తీసుకెళ్లారు.

నేను వెళ్లగానే గుమ్మంలోనే పట్టుకున్నారు.

"స్పీకర్ల లోపలి అసలు యూనిట్లు తీసేసి నాసిరకంవి పెట్టావు కదా బాషా?"

"అయ్యో, మీవి తీసుకుని నేనేం చేసుకుంటానండీ?"

"అది నువ్వే చెప్పాలి."

విప్పి బిగించిన ప్రతి స్క్రూ మీదా గోళ్లరంగు చుక్క పెట్టడం నా అలవాటు. ఇంకెవరైనా విప్పితే చుక్క పగులుతుంది. చెదరని చుక్కలు చూపించాను.

"ఆ సీసా ఉండేది నీ దగ్గరేగా?" అన్నారు.

పాట పెడితే బేస్ గుమ్‌మంటోంది, మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. నాకూ ఆయన మీద అనుమానం వచ్చింది. ఎవరిచేతో యూనిట్లు మార్పించి నా మెడకు చుడుతున్నారేమో! గోళ్లరంగు వాళ్లింట్లో మాత్రం ఉండదా?

"ఇవాళ తేల్చకపోతే వీటిని తిరువూరు బస్టాండులో పెట్టి, నీ షాపు పేరు చెప్పి మరీ వినిపిస్తా."

ఆ పని చేస్తే ఇక నా షాపుకు తాళమే.

ఈక్వలైజర్ పట్టుకున్నాను. బేస్, ట్రెబుల్, మధ్య స్వరాలు, దేన్నైనా విడిగా పెంచుకునే, తగ్గించుకునే మీటల వరుస అది. బేస్ తగ్గిస్తే గుమ్ము తగ్గింది గానీ మాటల గోల పోలేదు. ట్రెబుల్ తగ్గిస్తే పాడేవాడికి జలుబు చేసింది.

రంగారావుగారి భార్య సుజాతమ్మగారు మజ్జిగ గ్లాసు అందిస్తూ, "పత్తి ఉన్నప్పుడు బానే పాడేవి" అన్నారు.

గ్లాసు పక్కన పెట్టేశాను. చలికాలంలో ధర కోసం ఆగి, ఆ హాలు గోడల పొడవునా పత్తి బోరాలు పేర్చారు. మెత్తటి పత్తి శబ్దాన్ని మింగేసేది. ఇప్పుడు పత్తి అమ్మేశారు. మిగిలింది నున్నటి టైల్సు, ఉత్త గోడలు. చప్పట్లు కొట్టి చూశాను. గది నాకు తిరిగి కొట్టింది.

ఇంట్లోని పరుపులన్నీ తెచ్చి గోడలకు నిలబెట్టాం. మాటలు విడివిడిగా వినిపించాయి. మిగిలిన గుమ్మును ఈక్వలైజర్‌తో తగ్గించాను. రంగారావుగారు ఒకటికి రెండుసార్లు పరుపుల వెనక తొంగిచూసి, "సర్లే, మందపాటి కర్టెన్లు ఎక్కడ దొరుకుతాయి?" అన్నారు.

ఈమధ్య ఎవరు సౌండు మారిందన్నా, ముందు చప్పట్లు కొట్టి గదిని వింటున్నాను.

ఆ రోజు బయల్దేరుతూ, "చూశారా అమ్మా, అంతా చెవులతోనే పట్టేశా" అని గొప్పలు పోయాను.

"చెవులు సరే బాషా. బోరాలన్నీ పోయి హాలు బోసిగా ఉంటే, కళ్లు షాపులో పెట్టొచ్చావా?" అన్నారావిడ.