గడప దాటమన్న వాక్యం

మొన్న వరంగల్ బస్టాండులో నా వయసే ఉన్న ఒకామె పక్కకు వచ్చి, కళ్ళద్దాలు ఇంట్లో మరిచిపోయానని, ఎదురుగా ఉన్న బస్సు మరిపెడ పోతుందో లేదో చూసి చెప్పమని అడిగింది. ఆమె ముక్కు మీద అద్దాలు పెట్టుకున్న ఆనవాలే లేదు. నాకు నవ్వు రాలేదు. అదే మాటను నేను నలభై ఏళ్ళు వాడాను, అద్దాలు కొనుక్కోక ముందు నుంచీ.

నాకు అక్షరాలు వచ్చింది యాభై మూడో ఏట. మా చర్చి వెనక గదిలో పాస్టరమ్మ మధ్యాహ్నాలు నేర్పింది. ఇప్పటికీ వేలు కింద పెట్టి, పెదవులు కదిలిస్తూ చదువుతాను. ఆ చదువు ఎవరికైనా పనికొస్తుందని అనుకోలేదు.

మా కోడలిది కంప్యూటర్ ఉద్యోగం. ఆదివారం ఆరాధన అయ్యాక, అన్నం తిని, మళ్ళీ దాని ముందే కూర్చునేది. అది కొలువు పని కాదట. వెబ్‌సైట్లు కట్టేవాళ్ళకు పునాది, గోడలు ముందే అమర్చి ఇచ్చే సరంజామా ఒకటి ఉందట, దాన్ని ఫ్రేమ్‌వర్క్ అంటారు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, ఎవరైనా బాగుచేయవచ్చు. చర్చి పండుగ వంటలాంటిదని అర్థం చేసుకున్నాను. ఉల్లిగడ్డలు ఎవరు కోసినా, దించేముందు రుచి చూసే పెద్దలు వేరే ఉంటారు. కోడలు కొత్తవాళ్ళ కోసం ఉన్న పాఠాన్ని తెలుగులోకి తెస్తోంది. ఏమీ తెలియనివాళ్ళు ఒకరు మొదటి నుంచి చివరిదాకా చేసి చూశాకే చేర్చుకుంటామని ఆ పెద్దలు అన్నారట. ఏమీ తెలియనివాళ్ళ కోసం దూరం పోవలసిన పని లేకపోయింది.

ఒక ఆదివారం నన్నే కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, పాఠంలో ఉన్నది తప్ప ఇంకేమీ చేయొద్దని చెప్పి ఆమె వంటింట్లోకి వెళ్ళింది. కొత్త ఫోల్డర్ తయారుచేయమంటే చేశాను. తర్వాతి వరుసను ఉన్నదున్నట్టు కొట్టాను. వస్తుందని పాఠంలో రాసిన పేజీ రాలేదు, ఎర్రక్షరాలు వచ్చాయి. మూడుసార్లు కొట్టినా అంతే. తప్పు నాదేననుకున్నాను.

"అయిందా అత్తమ్మా?" అంది లోపలి నుంచి.

"అయింది బిడ్డా. మంచిగనే వచ్చింది."

బస్సు బోర్డుల ముందు, దవాఖాన చీటీల ముందు అలవాటుపడ్డ నోరు, దానంతటదే అనేసింది. కోడలు సంబరంగా వచ్చి, మా అత్తమ్మ చేసి చూసిందని ఆ పెద్దలకు రాయడం మొదలుపెట్టింది. ఎన్నో ఆదివారాల పని అది. నా మాట నమ్మి పంపిస్తే, రేపు ఇంకో ఊళ్ళో ఇంకొకామె ఇదే వరుస దగ్గర ఆగిపోయి, తనే మొద్దుననుకుంటుంది.

"పంపకు బిడ్డా," అన్నాను. "అబద్ధం చెప్పిన. నాకు రాలే."

కోపం వస్తుందనుకున్నాను. "ఏడ ఆగినవో జర చూపెట్టు," అని పక్కన కూర్చుంది. వేలు పెట్టి చూపించాను. ఆమె చాలాసేపు చూసి నవ్వింది. ఫోల్డర్ తయారుచేయమని ఉంది గాని, దాని లోపలికి వెళ్ళమని ఎక్కడా లేదు. నేను గది కట్టి బయటే నిలబడ్డానన్నమాట. తెలిసినవాళ్ళ చేయి చెప్పకుండానే లోపలికి పోతుందట, బియ్యం కడగమని మనం ఎవరికీ విడిగా చెప్పనట్టు. ఇంగ్లీషు పాఠంలోనూ ఆ మాట లేదు.

"ఇన్నిరోజులు ఎవ్వలు చెప్పలే అత్తమ్మా. అందరు నీ లెక్కనే అయింది అయింది అన్నట్టున్నరు."

లోపలికి వెళ్ళమనే వరుస రెండు భాషల్లోనూ చేరింది. తెలుగు వాక్యం నాతోనే రాయించింది: ఇప్పుడు ఆ ఫోల్డర్ లోపలికి వెళ్ళండి. పనిచేసినవాళ్ళ జాబితాలో నా పేరు ఉంది. వేలు పెట్టి రెండుసార్లు చదువుకున్నాను.

మొన్న బస్టాండులో ఆ మరిపెడ పోయే ఆమెను బస్సు ఎక్కిస్తూ, నా అద్దాలు కూడా చాలా ఏళ్ళు ఇంట్లోనే ఉండేవని చెప్పాను. ఆమె నా వైపు ఓసారి చూసి, తల దించుకుని నవ్వింది. నాకు రాలేదన్న చిన్న మాట నోటిదాకా రావడానికి అరవై ఏళ్ళు పట్టింది. ఆ తర్వాత వచ్చినవన్నీ, ఆ వాక్యమూ, జాబితాలో పేరూ, తొందరగానే వచ్చాయి.